అక్క దుకాణం మూసిన మధ్యాహ్నం

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే, ముందు సరుకు చూపించు, తర్వాత మాట్లాడదాం అనే రకం నేను. రాయచూరులో స్టీలు సామాన్ల దుకాణంలో పుట్టి పెరిగినవాణ్ణి. చూడని వస్తువును నమ్మను, చూసినదాన్ని తిప్పి చూడకుండా అసలే నమ్మను. ఇప్పటికీ అంతే. కానీ మా అక్క పోయాక బావ ఇంట్లో జరిగినదాన్ని ఎన్నిసార్లు తిప్పి చూసినా నాకు అంతు చిక్కలేదు.

బేరమాడటంలో అక్క నాకంటే గట్టిది. అయినా మా నాన్న ఆమెను గల్లా దగ్గర కూర్చోనివ్వలేదు, ఆడపిల్ల అని. థర్మల్ ప్లాంటులో పనిచేసే బావకిచ్చి పెళ్లి చేశారు. పిల్లలు లేరు. బావ షిఫ్టు బస్సెక్కి శక్తినగర్‌లోని ప్లాంటుకు వెళ్తే ఇంట్లో ఆమె ఒక్కతే. అప్పుడు ఒక విండోస్ కంప్యూటర్ కొన్నారు. బేరం నాదే. ధర దింపించిన సంబరంలో, కరెంటు పోయినా కాసేపు నడిపించే యూపీఎస్ వదిలేసి వచ్చాను.

దాంతోపాటు ఒక ఆట సీడీ వచ్చింది. తెరమీద మిఠాయి దుకాణం. గిరాకీలు వరుసగా వచ్చి నిలబడతారు. ఆలస్యమైతే వాళ్ల ముఖాలు ఎర్రబడతాయి. స్పేస్ బార్ నొక్కితే తలుపుకు 'క్లోజ్డ్' బోర్డు పడుతుంది, అంతవరకు ఆడిందంతా సేవ్ అవుతుంది. బోర్డు పడకముందే కరెంటు పోతే ఆ రోజు వ్యాపారం గల్లంతే. అక్క ఆ దుకాణం ఏళ్ల తరబడి నడిపింది.

మా ఊళ్లో కరెంటు చెప్పి పోదు. ప్లాంటు పక్కనే ఉన్నా అంతే.

"ఊరందరికి కరెంటు జేస్తవంట, నా దుకాణానికి మాత్రం ఇయ్యవు" అని అక్క దెప్పేది.

"నీ దుకాణానికి లైసెన్సు ఏడుందే?" అనేవాడు బావ.

చిత్రమేమిటంటే, అక్క వ్యాపారం ఎప్పుడూ గల్లంతు కాలేదు. కరెంటు పోయే ముందే బోర్డు పెట్టేసేది. పక్కనే కూర్చుని చూశాను. ఎట్లా తెలుస్తుందని అడిగితే, "ఏమో తమ్మీ, చెవుల్ల జర గుయ్యిమంటది. నీకు వినొస్తలేదా?" అంది. లైన్లో వోల్టేజీ పడిపోతే ఫ్యాను చప్పుడు మారుతుందని, అదే ఆమె చెవిన పడుతుందని బావ చెప్పాడు. ఆ మాట నాకు సరిపోయింది.

తర్వాత అక్కకు కామెర్లు వచ్చాయి. అవి ముదిరి ఆమె పోయింది.

బావ ఏడవలేదు. అస్థికలు శ్మశానం గదిలోనే ఉండిపోయాయి. కృష్ణలో కలుపుదాం రమ్మని పెద్దలు చెప్పారు, పురోహితుడు చెప్పాడు. "ఆగుర్రి" అని ఒక్క మాట తప్ప ఆయన కదల్లేదు. నెలలు గడిచాయి. డ్యూటీ నుంచి వచ్చి, అప్పటికే పాడైపోయిన ఆ కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. తిండి సరిగా లేదు.

"బామ్మర్దీ, ఆ ఆట ఒక్కసారి చూపియ్యరాదూ" అని అడిగాడు ఒకరోజు. చూస్తే మనసు కుదుటపడి కృష్ణకు వస్తాడనుకున్నాను.

ఆ మధ్యనే మూతబడుతున్న ఫోటో స్టూడియో నుంచి ఒక పాత మ్యాక్ ల్యాప్‌టాప్ కొన్నాను. బేరంలో గెలిచానని వీధంతా చెప్పుకున్నాను. తీరా సీడీ పెడితే అది విండోస్ ఆట, మ్యాక్ దాన్ని గుర్తుపట్టనే లేదు. విండోస్ ప్రోగ్రాములను మ్యాక్‌లో నడిపించే సాఫ్ట్‌వేర్ ఉంటుందని కంప్యూటర్ షాపాయన చెబితే, ఆదివారాలన్నీ దానికే పెట్టాను. ముందు పాట వచ్చింది, బొమ్మ రాలేదు. తర్వాత బొమ్మ వచ్చింది, రంగులు రాలేదు. చివరికి దుకాణం తెరుచుకుంది. సీడీ నుంచి కొత్తగా ఎక్కించినదే. అక్క ఆడినది ఏదీ అందులో లేదు.

మధ్యాహ్నం పూట బావను అక్క కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయనకు ఆట రాదు. గిరాకీలు కోపంగా వెళ్లిపోతున్నారు.

"దివాలా తీస్తివి బావా" అన్నాను. ఆయన కొంచెం నవ్వి, కీబోర్డు మీంచి చెయ్యి తీసి టీ గ్లాసు అందుకున్నాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను.

తెరమీద దుకాణం తలుపుకు బోర్డు పడింది. దుకాణం పాట ఆగింది. ఇద్దరం తెర వైపు చూశాం. అప్పుడు ఫ్యాను ఆగింది.

మ్యాక్‌కు బ్యాటరీ ఉంది కాబట్టి తెర వెలుగుతూనే ఉంది. బావ గ్లాసు కింద పెట్టాడు. "మూసింది" అన్నాడు.

నేను వదల్లేదు. ఛార్జరు పీకి చూశాను. మెయిన్ స్విచ్ ఆపి చూశాను. దుకాణం నడుస్తూనే ఉంది. కీబోర్డు శుభ్రం చేయించాను. ఆటలో తనంతట తాను మూసుకునే ఏర్పాటు ఏదీ లేదు. కానీ ఊరి కరెంటు పోయే ముందు మాత్రం బోర్డు పడేది. ఇంకా చాలాసార్లు చూశాను.

బావ మళ్లీ అన్నం తినసాగాడు. గడ్డం గీసుకున్నాడు. దుకాణం తెరిచి పెట్టుకుని దానికి డ్యూటీ కబుర్లు చెప్పేవాడు. అస్థికల మాటెత్తితే, "ఇంట్లనే ఉన్నది గదరా, ఏడికి పంపమంటవు?" అన్నాడు. ఆట తెచ్చిచ్చి మంచి చేశానో చెడు చేశానో నాకు అర్థం కాలేదు.

కొన్నాళ్లకు మ్యాక్‌లో కొత్త ఆపరేటింగ్ సిస్టం దానంతట అదే ఎక్కింది. పాత ప్రోగ్రాములు అందులో నడవవట. ఆట తెరుచుకోలేదు. బావ మళ్లీ పళ్లెం పక్కకు నెట్టేయడం మొదలుపెట్టాడు. చూడలేక ఇంకో పాత మ్యాక్ తెచ్చి, అదే సీడీని అదే పద్ధతిలో ఎక్కించాను. దుకాణం చక్కగా తెరుచుకుంది.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. బోర్డు పడలేదు.

ఫ్యాను రెక్కలు నెమ్మదించి ఆగిపోయాయి. తెరమీద దుకాణం తెరిచే ఉంది, పాట వస్తూనే ఉంది. ఒక్కో గిరాకీ ముఖం ఎర్రబడుతోంది. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. బావ చేతులు ఒళ్లో పెట్టుకుని, ఫ్యాను మళ్లీ తిరిగేదాకా చూశాడు. అప్పుడు ఏడ్చాడు, అక్క పోయిన తర్వాత మొదటిసారి.

"పోయిందిరా" అన్నాడు. "రేపు కృష్ణకు పోదాం."

వెళ్లాం. నీళ్లు తక్కువగా ఉన్నాయి. మోకాళ్లలోతు నడిచి కలిపాడు. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు, అదంతా ఏమై ఉంటుంది బావా అని అడిగాను. కరెంటు మనిషి, ఏదో ఒకటి చెబుతాడనుకున్నాను. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

మొదటి మ్యాక్‌లో బోర్డు ఎవరు పెట్టారో నాకు తెలియదు. రెండోదాంట్లో ఎందుకు పెట్టలేదో అంతకంటే తెలియదు. సీడీ అదే, ఇల్లు అదే, కుర్చీ అదే. మొదటిదానికి ఏదో ఒక కారణం చెప్పి నన్ను ఒప్పించగల తెలివైనవాడు దొరకవచ్చు. నన్ను నిద్రపోనివ్వనిది రెండోది.