వైనో చొక్కా అంచు

రాజ్యాలు తమ చరిత్రను రాళ్ల మీద చెక్కించుకుంటాయి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం ఉత్తర కొసన, ఓటర్ వాగు పక్కనున్న వేటగుడిసె మాత్రం తన చరిత్రను గుడ్డపేలికల మీద నిలుపుకుంది. అక్కడికి చేరే విలుకాళ్లలో ఎవరి బాణం జింకను తప్పినా, ఆ సాయంత్రమే మిగతావాళ్లు అతని చొక్కా వెనక అంచు కత్తిరించి గోడకు మేకుతో కొడతారు. కొమ్ములకు ఆ గోడ మీద చోటు లేదు.

ఆ విలుకాళ్లలో ఒకడైన వైనో హెయిక్కిలా పేలిక కూడా అక్కడ లేదు. ఇరవై ఏళ్లుగా అదే ఎర్రగళ్ల ఉన్ని చొక్కా, అదే చెక్కుచెదరని అంచు. జింక బాగా దగ్గరికొచ్చి, పక్కకు తిరిగి, కదలకుండా నిలబడితే తప్ప నారి లాగకూడదన్నది గుడిసె నియమం. దాన్ని వైనో అంత నిష్ఠగా పాటించినవాడు లేడు. అతనికి కనబడ్డ జింకల్లో పాటించింది ఒక్కటీ లేదు.

"నీ చొక్కాని మ్యూజియంలో పెట్టాలిరా," అనేవాడు తోటి విలుకాడు రేనో.

"బాణాలు కూడా కొత్తవే కదా, కొట్లో తిరిగిచ్చేయొచ్చు," అనేవాడు ఇంకో విలుకాడు ఓలవి.

వైనో గంభీరంగా కాఫీ తాగేవాడు. పైకి అనలేదుగానీ, ఆ అంచంటే అతనికి ప్రాణం.

ఆ అక్టోబరు ఉదయం జింక వచ్చింది. పక్కకు తిరిగింది. నిలబడింది. సాకులన్నీ అయిపోవడంతో వైనో బాణం వదిలాడు. అది జింక వీపు మీదుగా వెళ్లి బర్చ్ చెట్టులో దిగింది. జింక అతనివంక ఓసారి చూసి, తొందరేమీ లేనట్టు వెళ్లిపోయింది.

వైనో పాకుతూ నేలంతా వెతికాడు. నెత్తురు చుక్క లేదు, వెంట్రుక లేదు. బాణం పీకి పొదిలో పెట్టుకుంటే సరి, చూసినవాడెవడు? పెట్టుకున్నాడు కూడా. నాలుగడుగులు వేశాడో లేదో, ఆ జింక చూపు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఇంకా ఎక్కువైంది. గుడిసె చేరేసరికి కడుపు పట్టుకుని పరిగెత్తుతున్నాడు.

"తప్పిందిరోయ్!"

"ఏం తప్పిందిరా, దారా?"

"గురి! కళ్లెదురుగా నిలబెట్టి మరీ తప్పించాను!"

రేనో చేతిలోని పెనం జారింది. ఓలవి మాత్రం లేచి నిలబడ్డాడు.

"ఉండండ్రా. జింకకి దెబ్బ తగిలిందా?"

"లేదు. పాకి చూశాను."

"మేమూ పాకుతాం. పద."

ముగ్గురూ వెళ్లి, పడీపడీ నవ్వుతూ, ఆకు ఆకూ తిప్పి చూసి, జింక క్షేమమని తేల్చుకుని వచ్చారు. అప్పుడు ఓలవి కత్తెర తీశాడు.

"వంగు, మహానుభావా! ఇరవై ఏళ్లుగా నీకోసమే దీనికి సాన పడుతున్నాం."

"కొంచెం తక్కువ కొయ్యరా!"

"చరిత్రని బేరమాడకూడదు," అంటూ రేనో టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

పేలికను గోడ నడిమధ్యన కొట్టారు. ఇన్నేళ్లూ అక్కడ బెత్తెడు జాగా ఎందుకు ఖాళీగా ఉంచారో వైనోకు అప్పుడు తెలిసింది. వెంటనే ముక్కు చీదుకున్నాడు.

ఇంటికొచ్చాక అతని భార్య లెంపి చొక్కాను వెనక్కి తిప్పి చూసి, కోసిన అంచు లోపలికి మడిచి కుట్టేసింది. ఆ చొక్కా కొన్నప్పటినుంచీ అతనికి జానెడు పొడవెక్కువే.