నలగని నిమ్మకాయ

ఎల్బీనగర్‌లో ఎవరి కొత్త కారు కిందో నలిగిన నిమ్మకాయ వాసన వస్తే నాకిప్పటికీ గుండె దడే.

నా చిన్నప్పుడు, చీరల మూటలు మోసే మా పాత జీపుకి నాన్న వేరే ఇంజను బిగించారు. పూజలో ఒక నిమ్మకాయ టైరు కింద నలగకుండా దొర్లిపోయింది. నేనొక్కదాన్నే చూశాను. దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికే వేడి చూపే ముల్లు ఎర్ర గీత తాకింది. ఇంజను పేలిపోతుందని నాన్న చొక్కా పట్టుకున్నాను.

నాన్న బానెట్ ఎత్తి, రేడియేటర్ ముట్టుకుని, "సల్లగనే ఉంది గదా!" అన్నారు. సెన్సర్ వైరు పీకినా ముల్లు దిగలేదు.

"సెన్సర్ మంచిగనే ఉంది బిడ్డా. ఇంజను మార్చినప్పుడు వైరు ఒరుసుకపోయి బాడీకి తగుల్తున్నది, అందుకే ముల్లు ఉట్టిగనే లేచింది."

టేపు చుట్టగానే ముల్లు దిగింది. నేను మాత్రం ఇంటికెళ్లి ఆ నిమ్మకాయను వెతికి తొక్కేశాను.

తప్పు వైరుదే, నిమ్మకాయది కాదని ఇప్పుడు తెలుసు. అయినా నా కారు కొన్న రోజు, నాలుగు టైర్ల కిందా వంగి చూశాను.