వేడికీ గాలికీ మధ్య ఒక లైను

హోషినా తమాయెకు శుభ్రం పిచ్చి. నీగాతాలో ధాన్యం ఆరబెట్టే యంత్రాలు తయారుచేసే ఆ కంపెనీలో ఏడాది చివరి పనిరోజున అందరూ గుడ్డలూ చీపుళ్ళూ పట్టుకోవడం ఆనవాయితీ. మిగతావాళ్ళు కిటికీలు తుడిచామనిపించుకుని టీ తాగడానికి పోతారు. తమాయె ఫ్యాను రెక్కలు కూడా విప్పి తోముతుంది. ఆమె పక్కన ఎక్కువసేపు నిలబడితే తననూ తోమేస్తుందని క్యాంటీన్ నడిపే సెకి గారు ఆటపట్టిస్తుంటుంది.

ఆ ఏడాది ఆమె కోడ్‌ను కూడా తోమింది.

యంత్రాన్ని నడిపే ప్రోగ్రాం ఇరవై ఏళ్ళుగా ఒకే ఫోల్డరులో పెరిగింది. వేడి, గాలి, తూకం, తెర మీద అంకెలు, అన్నిటిదీ ఉమ్మడి కాపురం. తెర మీద ఒక అక్షరం మారిస్తే తూకం తప్పేది. మూడు కొత్త మోడళ్ళు రాబోతున్నాయి కాబట్టి దేనికది విడదీసి, ఎవరు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే గిట్‌లో వేరు కాపురాలు పెట్టించమని మేనేజరు తమాయెకు అప్పజెప్పాడు. మూడు నెలలు కూర్చుని ఆమె చక్కగా వేరుచేసింది.

కానీ ఫైళ్ళను మాత్రమే కొత్త చోట్లకు తెచ్చింది. ఏ లైను ఎవరు, ఎప్పుడు, ఎందుకు రాశారో చెప్పే పాత చరిత్రను తేలేదు. కొత్త ఇంటికి పాత మసి ఎందుకనుకుంది. చివరి పనిరోజున సర్వరులోని పాత ఫోల్డరును తీసేసి, తన కంప్యూటరులో ఉన్న ప్రతిని కూడా ఊడ్చేసి, హాయిగా ఇంటికి పోయింది.

ఆ చరిత్రలో సగానికి పైగా ప్రోగ్రాం గది పెద్ద ఇగరాషి గారు రాసిందే. ఆయన ఆ ఏడాది మార్చిలోనే పదవీ విరమణ చేశాడు. ఫోను చేసి ఒక్క మాట అడగొచ్చు. కానీ విశ్రాంతిగా ఉన్న పెద్దాయనకు ఫోను చేసి మీ లైన్లు తీసేస్తున్నానండీ అని ఎలా చెప్పడం? ఆయన వెళ్ళేదాకా ఒక్క లైను కూడా ముట్టుకోకుండా ఆగింది కూడా అందుకే. మర్యాదకు పోయి పనులు పాడుచేసుకోవడంలో మా నీగాతా వాళ్ళను మించినవాళ్ళు లేరు.

పైగా ఆయన ఆమెకు దారి చూపినవాడు. తమాయె ఇరవై తొమ్మిదో ఏట కొండ పల్లె నుంచి వచ్చి ఈ కంపెనీలో వైర్లు బిగించే పనిలో చేరింది. నాలుగేళ్ళయ్యాక ఇగరాషి గారే మేనేజరుతో పట్టుబట్టి ఆమెను ప్రోగ్రాం గదిలోకి తీసుకొచ్చి, ఓనమాల నుంచి నేర్పాడు. అంతమందిలో తననే ఎందుకు ఎంచుకున్నాడో ఆమెకు తెలియదు, అడిగే ధైర్యమూ చేయలేదు. ప్రతి కొత్త సంవత్సరానికీ వెదురాకుల్లో చుట్టిన ఉండ్రాళ్ళు పట్టుకెళ్ళి, ఆయన గుమ్మంలో వంగి దండం పెట్టి వచ్చేది.

పచ్చి ధాన్యం ఆగస్టులో గానీ దొరకదు. దొరికిన రోజునే కొత్త యంత్రంలో పోసి చూశారు. పదింట మూడు గింజలు చీలాయి. అలాంటి ధాన్యం మిల్లుకు పోతే నూకలే మిగులుతాయి, రైతు ఏడాది కష్టం నీళ్ళపాలవుతుంది. పదిరోజుల్లో కొత్త యంత్రాలతో లారీలు బయలుదేరాలి. తమాయె ప్రతి భాగాన్నీ వేరువేరుగా పరీక్షించింది. దేనికదే బంగారంలా పనిచేస్తోంది. విడదీసేటప్పుడు ఏదో జారిపోయింది. అదేమిటో చెప్పే చరిత్రను తన చేతులతోనే ఊడ్చేసింది.

మూడో రోజు ఇక సిగ్గు విడిచి ఇగరాషి గారింటికి వెళ్ళింది. ఆయన పెరట్లో చిక్కుడుకాయలు కోస్తున్నాడు. ఆమె నేల దాకా వంగి, చేసిందంతా దాచకుండా చెప్పింది. ఏ లైను పోయుంటుందో గుర్తుందా అని అడిగింది.

"నాకేం గుర్తుంటుందమ్మా, నిన్న తిన్న కూరే గుర్తులేదు. గుర్తుండదనే కదా రాసిపెట్టింది." ఆయన బుట్ట పక్కన పెట్టాడు. "నా పాత లాప్‌టాప్ ఏం చేశారు? అందులో మొత్తం ప్రతి ఉండాలి, మీరెవరూ తోమకపోతే."

లాప్‌టాప్ క్యాంటీనులో ఉంది. ఆయన వెళ్ళిన మరుసటి నెల నుంచీ అది గోడ మీద ఆ పూట భోజనం ఏమిటో చూపిస్తోంది. తమాయె తీసుకుపోతానంటే సెకి గారు అడ్డంగా నిలబడింది.

"ఇది నువ్వు పట్టుకుపోతే ఇవాళ కూరేంటో నేను గేటు దగ్గర నిలబడి అరవాలా?" అంది. తర్వాత తమాయె మొహం చూసి వైరు పీకి ఇచ్చింది. అట్టముక్క మీద కూర పేరు రాసి గోడకు తగిలించింది.

చరిత్ర మొత్తం అందులో పదిలంగా ఉంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తే సాయంత్రానికి జారిపోయిన లైను దొరికింది. వేడి ఆగాక నలభై నిమిషాలు ఊరుకుని ఆ తర్వాతే గాలి వదలమనే లైను అది. వేడి భాగానిదీ కాదు, గాలి భాగానిదీ కాదు. ఎక్కడ పెట్టాలో తోచక, అనవసరమనుకుని తనే తీసేసింది. ఎవరు రాశారో చూసింది.

రాసినవారు హోషినా తమాయె అని ఉంది. చేర్చినవారు ఇగరాషి. తేదీ చూస్తే ఆమె ఇంకా వైర్లు బిగిస్తున్న రోజులు, కీబోర్డు ముట్టుకోవడానికి రెండేళ్ళ ముందు. కింద ఆయన రాసిన కారణం ఉంది.

"వైరింగ్‌లో పనిచేసే హోషినా భోజనాల దగ్గర చెప్పిన మాట ఇది. వాళ్ళ నాన్న వేడి ధాన్యాన్ని కాసేపు వదిలేశాకే గాలి తగలనిచ్చేవాడట, లేదంటే గింజ చీలుతుందని. పరీక్షించాను, నిజమే. నేను టైపు చేశానంతే. ఈ అమ్మాయిని మన గదిలోకి తీసుకోవాలి."

తమాయె చాలాసేపు ఏడ్చింది. ఆ మాట అన్నట్టు కూడా ఆమెకు గుర్తులేదు. నాన్న పోయి పదకొండేళ్ళు. ఆయన మాట ఇన్నేళ్ళూ వేల కొట్టాల్లో ధాన్యాన్ని కాపాడుతూ వచ్చింది.

నాలుగు రోజులు కూర్చుని మళ్ళీ మొదటి నుంచీ విడదీసింది. ఈసారి ప్రతి భాగం వెంటా దాని చరిత్రనూ పంపింది. ఆ ఒక్క లైనుకు చిన్న భాగం ఒకటి విడిగా కట్టి, విశ్రాంతి అని పేరుపెట్టింది. గింజలు చీలలేదు. లారీలు చెప్పిన రోజునే బయలుదేరాయి.

ఆ ఆదివారం ఇగరాషి గారింటికి వెళ్ళి, మీ వల్లే బతికానండీ అని మొదటిసారి నోరు తెరిచి చెప్పింది. తన పేరు రాసిన సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగింది.

"మళ్ళీ చెప్పడమెందుకు," అన్నాడాయన, కాయల బుట్ట ఆమె చేతిలో పెడుతూ. "రాసిపెట్టాను కదా."