కడిగేసిన బురద

జూన్ చివరి వారం, ఉదయం ఆరున్నర. జాముల్ రోడ్డులో జీపు నన్ను దింపి వెళ్లిపోయింది. ఎదురుగా పొడవాటి రేకుల షెడ్డు. చుట్టూ ముళ్లకంచె. గేటు దగ్గర ఇసుక బస్తాల వెనక ఒక సెంట్రీ. నా భుజాన కిట్‌బ్యాగు. అందులో రెండు జతల యూనిఫాం, బూట్లు, డైరీ, సగం చదివిన ఒక నవల. వాన అప్పుడే వెలిసింది. సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము తడిసి కంచె తీగల మీద బూడిదరంగు పూతలా గట్టిపడి ఉంది.

సాయుధ పోలీసు దళంలో శిక్షణ ముగిశాక నాకు వచ్చిన మొదటి పోస్టింగ్ ఇది. చివరిది కూడా ఇదే. ఉక్కు ఫ్యాక్టరీ కార్మికులుండే క్యాంప్ 1 బస్తీలో మా ఇంటికి ఇక్కడి నుంచి సైకిల్ మీద వెళ్లొచ్చు. సరిహద్దులూ మంచుకొండలూ ఊహించుకున్న మావాళ్లకు ఇది మింగుడుపడలేదు. మొదటి సెలవుకు వెళ్లినప్పుడు పక్కింటి పిన్ని గుమ్మంలోనే ఆపింది.

"తుపాకులు పేల్సడానికని ఎల్లి గొట్టాలు తోముతున్నావంట, నిజవేటే?"

"అవును పిన్నీ."

"ఆ పాటిదానికి సెలక్షన్లో అన్నేసి పరుగులెందుకెట్టావు? మా ఇంట్లో గిన్నెల్లేవా?"

నవ్వి లోపలికి వెళ్లాను. ఈ పోస్టింగ్ గురించి ఎవరడిగినా నాకు నోరు పెగలదు. అందుకని రాస్తున్నాను.

అడవి ఔట్‌పోస్టుల నుంచి పాత రైఫిళ్లు గోనెల్లో చుట్టి లారీలో వచ్చేవి. కొన్ని వరదలో మునిగినవి. కొన్ని ఎవరో నేలలో పాతిపెడితే దొరికినవి. కొన్ని వాడివాడి ముసలివైనవి. మేం తుప్పు తీసి, గొట్టం లోపల చూసి, రెండు వరసలుగా పెట్టాలి. బాగున్నవి శిక్షణ కేంద్రాలకు. బాగులేనివి గ్యాస్ కట్టర్ కింద ముక్కలై, తుక్కులో కలిసి కొలిమికి.

పని నేర్పింది ఉస్తాద్. హవల్దార్, ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్. శ్రీకాకుళం నుంచి వాళ్ల తాత ఉక్కు ఫ్యాక్టరీ కట్టే రోజుల్లో ఇక్కడికి వచ్చాడట. నాతో తెలుగు, మిగతావాళ్లతో హిందీ మాట్లాడేవాడు.

"మీ నాన్న రైల్ మిల్లులో పట్టాలు సేత్తాడు. నువ్వు కొలిమికి మేత పంపుతన్నావు. ఇంటిల్లిపాదికీ ఒకటే డ్యూటీ," అన్నాడు మొదటిరోజు.

ముందు కిరోసిన్‌లో నానబెట్టడం. తరువాత ఇత్తడి బ్రష్షు. గరుకు కాగితం గొట్టంలోకి పోనివ్వకూడదు, లోపలి మెలికల గాడులు అరిగిపోతాయి. మరిగిన నీళ్లు గరాటుతో పొయ్యాలి. గొట్టం చేతిని కాలుస్తుండగానే తాడుకు గుడ్డపీలిక కట్టి లాగాలి. ఆ పీలికను చిందీ అంటారు. మొదటి చిందీ నల్లగా, రెండోది ఎర్రగా, ఎప్పటికో తెల్లగా వస్తుంది. చివర నూనె. సాయంత్రం ఐదింటికి ఆ రోజు చిందీలన్నీ డ్రమ్ములో వేసి కాల్చాలి. నూనె గుడ్డలు షెడ్డులో నిలవ ఉంచితే నిప్పు అంటుకుంటుందని ఆ నియమం.

ఇంకో నియమం కూడా ఉండేది. తుప్పుతో వచ్చిన ఆయుధం తుప్పుతో తెల్లవారకూడదు.

"తుప్పు పోతాది. అది తిన్న గుంత పోదు," అనేవాడు ఉస్తాద్. "గుంత పోవాలంటే సుట్టూ ఉన్న ఇనుమంతా ఆ లోతుకి దిగాల. అప్పుడది బ్యారెల్ అవదు, నీళ్ల పైపవుతాది."

నా పక్క బల్ల సుఖ్‌మతిది. కుమ్హారి దగ్గర పల్లె. నాకన్నా రెండేళ్లు చిన్నది, నాకన్నా గట్టిగా నవ్వేది. వాళ్ల నాన్న మా దళంలోనే జవాన్. అడవిలో గస్తీ మీద దాడి జరిగినప్పుడు చనిపోయాడు. శవం వాగు ఒడ్డున దొరికింది. తుపాకి దొరకలేదు. తుపాకి పారేసి పరిగెత్తాడని కొందరన్నారు. విచారణ అక్కడే ఆగిపోయింది. హెడ్‌క్వార్టర్స్ గేటు దగ్గర అమరుల పేర్లు చెక్కిన రాయి ఉంది. ఆ రాయి మీద అతని పేరు లేదు. ఊళ్లో సుఖ్‌మతి తమ్ముణ్ణి పిల్లలు 'భగోడా కొడుకు' అనేవాళ్లు, పారిపోయినవాడి కొడుకని. ఆమె దళంలో చేరిందే నాన్న పేరు ఆ రాయి మీదికి ఎక్కించడం కోసం.

రెండో ఏడాది అక్టోబరులో ఒక లారీ వచ్చింది. గోనె విప్పాం. నేను రైఫిల్ నంబర్లు పైకి చదువుతున్నాను, సుఖ్‌మతి సుద్దముక్కతో బల్ల మీద వేస్తోంది. ఒక నంబరు సగం చదివేసరికి మిగతా సగం ఆమె చెప్పింది.

"నీకెలా తెలుసు?"

"చిన్నప్పుడు ఎక్కాలతో పాటు అప్పజెప్పించేవాడు దీదీ. మా బాబూజీది."

ఏ ఊరివాళ్లో ఔట్‌పోస్టులో ఇచ్చేసి ఉంటారు. ఎక్కడ దొరికిందో గోనె మీద లేదు. గొట్టం నిండా గట్టిపడ్డ బురద. బయటంతా ఎర్రగా పొక్కులు లేచాయి.

ఉస్తాద్ వచ్చి చూశాడు.  తరువాత నాతో తెలుగులో అన్నాడు. "ఆ పిల్లనే సెయ్యనీ. దానిమీద ఇంకెవరూ సెయ్యెయ్యకండి."

సుఖ్‌మతి మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. నేను వేడినీళ్లు అందించాను. పుల్లతో పొడిస్తే బురద ముద్దలుగా రాలింది. అందులో తెల్లటి వాగు ఇసుక. పప్పుగింజంత నత్తగుల్లలు. నీళ్లు పోస్తే అవన్నీ తూములోకి వెళ్లిపోయాయి. ఆమె పనిచేస్తున్నంతసేపూ హిందీలో తుపాకితోనే మాట్లాడింది. ఇన్నాళ్లూ ఎక్కడున్నావు, ఎవరూ నీకు స్నానం చేయించలేదా, అని. ఐదింటికి చిందీలు కాల్చాం. ఉస్తాద్ ఎప్పటిలాగే ఆ రోజు నంబర్లు వైర్‌లెస్‌లో పంపాడు.

మర్నాడు ఎనిమిదింటికి సెట్ మోగింది. నేను పక్కనే ఉన్నాను.

"నిన్నటి నంబర్లలో మూడోది. అది విచారణలో ఉన్న ఆయుధం. ఎవరూ ముట్టుకోవద్దు. మట్టితో సహా సీల్ చేసి ఉంచండి. ఓవర్."

ఉస్తాద్ బటన్ నొక్కాడు. 

"సాఫ్ కర్ దియా, సర్. ఓవర్."

కాసేపు గరగర.

"మళ్లీ చెప్పండి."

"కడిగేశాం, సర్."

అప్పుడు అర్థమైంది నాకు. శవం దొరికిన వాగులోని ఇసుక ఆ గొట్టంలో ఉంది. తుపాకి సుఖ్‌మతి నాన్న చేతిలోనే ఉందని, అతనితో పాటే నీళ్లలో పడిందని చెప్పగలిగింది అదొక్కటే. నేను బయటికి పరిగెత్తి తూము దగ్గర కూర్చున్నాను. సిమెంటు బురద, కిరోసిన్ తెట్టు, వందల గొట్టాల తుప్పు. ముంజేతుల దాకా కెలికాను. నత్తగుల్ల ఒక్కటీ దొరకలేదు. తలెత్తి చూస్తే సుఖ్‌మతి వెనక నిలబడి ఉంది.

"వదిలెయ్యి దీదీ," అంది.

వారం తరువాత ముగ్గురు అధికారులు వచ్చారు. పెద్దాయన గొట్టాన్ని వెలుతురుకు పట్టి లోపలికి చూశాడు. గుంతలే తప్ప మట్టి రేణువు లేదు.

"ఇది వాగులోనే ఉందని ఏమిటి సాక్ష్యం? ఎవరి పశువుల పాక చూరులోనో ఉన్నా తుప్పు పడుతుంది."

"ఇసుక ఉంది సర్. నత్తగుల్లలు ఉన్నాయి. నేను చూశాను," అన్నాను. అధికారి ముందు అడగకుండా నోరు విప్పడం నాకు అదే మొదటిసారి.

"నువ్వు ఆమె పక్క బల్లే కదా?"

"అవును సర్."

ఆయన కోపంగా అనలేదు. జాలిగానే అన్నాడు. ఆ జాలితోనే కాగితం మీద సంతకం చేశాడు. చనిపోయేటప్పుడు సుఖ్‌మతి నాన్న చేతిలో ఆయుధం ఉందని రుజువు కాలేదు. విచారణ ముగిసింది.

ఆ గొట్టం ఎలాగూ బాగులేని వరసలోకే వెళ్లింది. కట్టర్ కిందికి సుఖ్‌మతే మోసుకెళ్లింది. ఉస్తాద్ నల్లకళ్లద్దాలు పెట్టుకుని మంట వెలిగించాడు. ఆ రోజు ఎవరినీ ఆటపట్టించలేదు. ముక్కలు ఎర్రగా కిందపడి, నలుపెక్కి, తుక్కులారీ ఎక్కాయి. ఆ తరువాత కూడా గోనెలు వచ్చాయి, మేం తోమాం. ఉస్తాద్ మాత్రం గొట్టంలో మట్టి కనిపిస్తే ఆగిపోయేవాడు. ఒకటి రెండు చిటికెలు కాగితంలో పొట్లం కట్టి కిటికీలో పెట్టేవాడు. ఆ పొట్లాల కోసం ఎవరూ రాలేదు.

నాలుగేళ్ల ఒప్పందం ముగిసి ఈ వేసవిలో ఇంటికి వచ్చాను. అదే కిట్‌బ్యాగు. పిన్ని మళ్లీ గుమ్మంలోనే ఆపింది.

"ఎవుల్నైనా కాల్సావేటే?"

"లేదు పిన్నీ."

"మరేటి సేసావు ఇన్నాళ్లూ?"

"శుభ్రం చేశాను."

సుఖ్‌మతి ఇంకా కొలువులోనే ఉంది. హెడ్‌క్వార్టర్స్ గేటుకు బదిలీ చేశారు. మొన్న ఫోన్ చేసింది. రాయి పక్కనే డ్యూటీ అట. దండలు వేసే రోజున దాన్ని నీళ్లతో కడిగేది తనేనట. ఇంకేమైనా చెబుతుందేమోనని ఎదురుచూశాను. అన్నం తిన్నావా దీదీ, అని అడిగి పెట్టేసింది.

సాయంత్రాలు మా మేడ మీది నుంచి చూస్తే ప్లాంట్ వైపు ఆకాశం ఎర్రబడుతుంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. నేనిప్పుడు అటు వీపు పెట్టి కూర్చుంటాను. అయినా ఒకటి కళ్లముందు నుంచి పోదు. వైర్‌లెస్ మోగడానికి ముందురోజు సాయంత్రం అది. చివరి చిందీ తెల్లగా వచ్చింది. సుఖ్‌మతి షెడ్డు గుమ్మంలో నిలబడి, గొట్టాన్ని ఆకాశానికి ఎత్తి, కన్ను ఆనించింది. అటునుంచి వచ్చిన వెలుగు ఆమె కనురెప్ప మీద పావలా బిళ్లంత గుండ్రంగా పడింది.

"చూడు దీదీ," అంది నవ్వుతూ. "బాబూజీది ఎంత శుభ్రంగా ఉందో."