ఆగని మూడో వాచీ

పగలంతా ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి రాసుకోవడం అతని ఉద్యోగం. మైదానంలో మాత్రం అందరికీ వాచీ మాస్టారు. ఇరవై ఆరేళ్లుగా పరుగు పందేలకు టైము పట్టడం అతని పిచ్చి. దానివల్ల ఒరిగిందేమిటని భార్య దెప్పితే, "ఎండలో నల్లబడ్డాను, చాలదా?" అనేవాడు.

ఆ పనికో కట్టుబాటు ఉంది. ముందొచ్చే మనిషి మీద మూడు వాచీలు పెడతారు. మూడూ మూడు రకాలుగా చూపిస్తే మధ్యది లెక్క; రెండు కలిస్తే ఆ రెండూ చూపిందే లెక్క. ఒక వాచీ పనికిరాకపోతే మిగిలిన రెండిట్లో ఎక్కువ టైము చూపిందే ఖాయం. కాగితం మీద లేని నియమం ఇంకొకటుంది, దాన్ని పాతవాళ్లు చెవి మెలిపెట్టి నేర్పుతారు: గీతను చూడు, మనిషిని చూడకు. మొహం చూశావా, వాచీ నొక్కాల్సిన బొటనవేలు మొద్దుబారుతుంది.

ఇన్నేళ్లలో మాస్టారు ఆ మాట తప్పింది ఒక్కసారే.

ఆ పిల్లను అందరూ పిడుగనేవాళ్లు. ఇస్త్రీ బండి అతని కూతురు. ఇరవై రెండేళ్లు. నాలుగు వందల మీటర్లలో ఆ ఏడాది ఆమెకు ఓటమన్నదే లేదు. పాత రికార్డు యాభై రెండు పాయింట్ నాలుగు సెకన్లు. ఆ రోజు టైము పట్టే యంత్రం మొరాయించడంతో చేతి వాచీలే దిక్కయ్యాయి. చివరి మలుపు తిరిగి ఆమె ఒంటరిగా వస్తోంది, మిగతావాళ్లు ఎక్కడో వెనక. గీత ఇంకా ఇరవై అడుగులుందనగా ఆమె కుడిచెయ్యి లయ తప్పి ఛాతీ మీదికి పోయింది. మాస్టారి చూపు గీతను వదిలి ఆమె మొహం మీదికి పోయింది. ఆమె గీత దాటి, ఇంకో పదడుగులు వేసి, కుప్పకూలింది. జనం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

ఆస్పత్రికి చేరేసరికే అంతా అయిపోయింది. గుండె కండరం పుట్టుకతోనే మందమట. అంతటి పిల్లకు ఒక్కసారైనా గుండె పరీక్ష చేయించాలని తోచని క్రీడా సంఘం పెద్దలు, డాక్టరు చెబుతుంటే తలలూపుతూ విన్నారు.

సాయంత్రం మాస్టారు ఇంటికొచ్చి చొక్కా విప్పుతుంటే జేబులో వాచీ ఇంకా నడుస్తోంది.

మొదటి వాచీ యాభై రెండు పాయింట్ మూడు. రెండోది పాయింట్ ఆరు. మాస్టారు కూడా పాయింట్ మూడే అంటే రికార్డు ఆ పిల్లది. ఏమీ రాయకపోతే ఆరే ఖాయం, రికార్డు లేదు. సంఘం కార్యదర్శి మర్నాడే వచ్చాడు. కొత్త గేటుకు పిడుగు పేరు, కింద ఆ అంకె పెడతామని, టైము చీటీలో మాస్టారి ఖాళీ గడి నింపడమే తరువాయని, వారంలో దాన్ని పంపమని చెప్పి వెళ్లాడు. చిల్లుపడ్డ బూట్లతో ఆ పిల్ల పరుగెత్తినన్నాళ్లూ కళ్లు మూసుకున్నవాడికి, ఇప్పుడు అంకె మాత్రం స్పష్టంగా కనబడుతోంది.

"చచ్చిన పిల్లకి ఓ అంకె పారేస్తే మీ సొమ్మేం పోయింది?" అంది భార్య.

పోయేదేం లేదు. పిడుగు రికార్డు కొట్టే ఉంటుందని అతనికీ లోపల అనిపిస్తోంది. కానీ తాళం వేసిన ఇంటి మీటరుకు కూడా అంచనా అంకె వేయక, మళ్లీ మళ్లీ తిరిగి కాళ్లరగదీసుకున్న మనిషి. కలం పట్టుకోవడం, పక్కన పెట్టడం; అలా ఐదు రోజులు గడిచాయి.

ఆరో రోజు ఇస్త్రీ బండి అతనే వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీ అంకె ఒక్కటే తక్కువంట కదా మాస్టారూ."

"నా దగ్గర అంకె లేదన్నా. నేను నొక్కలేదు."

"నొక్కకపోవడమేంటి? అంత అలవాటున్న చెయ్యి."

"పిల్ల మొహం చూశాను. ఛాతీ పట్టుకుంది."

"అంటే అందరికంటే ముందే చూశారు. మరి అరవలేదేం?"

ఐదు రోజులుగా మాస్టారు తనను తాను అడుగుతున్నదీ అదే. చివరికి ఆ తండ్రే అన్నాడు: "అరిచినా ఆగేది కాదులే. నా మాటే ఏనాడూ విన్లేదు." అప్పుడు గడప మీద కూలబడ్డాడు. "ఎలా ఉంది, మొహం?"

నవ్వుతూ ఉందని చెప్పడం తేలిక. మాస్టారి నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"భయపడింది. ఒక్క క్షణం. తర్వాత పళ్లు బిగించింది."

"గెలిచానని తెలిసిందా?"

"తెలిసే ఉంటుంది. పక్కన ఎవరూ లేరు."

ఇస్త్రీ బండి అతను తలూపి లేచాడు. "మీరు రాస్తారనుకుని వచ్చాను," అని మాత్రం అని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే మాస్టారు ఖాళీ గడిలో 'నొక్కలేదు' అని రాసి, సంతకం చేసి పంపాడు. టైము యాభై రెండు పాయింట్ ఆరుగా ఖాయమైంది. గేటు ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మాస్టారిని పందేలకు పిలవడం మానేశారు. అతనూ ఎందుకని అడగలేదు.

సంఘం మోసం చేసింది కదా అని బట్టలిచ్చేవాళ్లు ఇస్త్రీ బండి దగ్గర ఇప్పటికీ కదిపి చూస్తారు. అతను ఇస్త్రీపెట్టె ఆపకుండానే, "టైము పట్టేవాడు దాని మొహం చూశాడు," అంటాడు. అది నిష్ఠూరమో కాదో ఎవరికీ తెలియదు. బహుశా అతనికీ తెలియదేమో. మడత పెట్టి, ఇంకో చొక్కా తీసుకుంటాడు.