ఒక బాప్తిస్మానికి సరిపడా నీళ్ళు

రాళ్ళను తొందర లేకుండా పొర మీద పొరగా పేర్చిన దేవునికి, ఆ రాళ్ళ మధ్య మూడు రోజులు తిప్పి మమ్మల్ని క్షేమంగా ఇంటికి చేర్చిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన చేతిపని గురించి పుస్తకాల్లో చదవడం వేరు, బస్సు దిగి దాన్ని అరచేత్తో తాకడం వేరు. ఆ తేడా నాకు ఎమ్మెస్సీ అయిపోయాక గానీ తెలియలేదు.

మాది ఓర్వకల్లు దగ్గర చిన్న ఊరు. కడపలో జియాలజీ చదివాను. మా పాఠాల్లోని రాళ్ళు చాలావరకు హాస్టల్‌కీ ఇంటికీ మధ్య దారిలోనే ఉన్నాయి. రెండేళ్ళూ కిటికీలోంచి చూడటమే తప్ప దిగి నిలబడింది లేదు. క్లాసుతో వెళ్ళినప్పుడైనా సుత్తితో ఓ ముక్క కొట్టి సంచిలో వేసుకుని పరిగెత్తడమే. అందుకని మే నెలలో పరీక్షలయ్యాక, ఉద్యోగాల వేటలో పడకముందే, బేలం గుహలు, గండికోట, సిద్ధవటం నిదానంగా చూసి రావాలనుకున్నాను. మా నాయన ఒక్కటే షరతు పెట్టాడు. ఒంటరిగా వద్దు, పెద్దనాయన తోడు వస్తాడు.

పెద్దనాయన గురించి కొంచెం చెప్పాలి. మా నాయనకు అన్న, అరవై దాటాయి. ప్రతి ఆదివారం మందిరానికి వచ్చి వెనక చాప మీద కూర్చుంటాడు గానీ బాప్తిస్మం తీసుకోలేదు. బీడీ మానకుండా నీళ్ళలో దిగితే దేవుణ్ణి మోసం చేసినట్టని ఆయన లెక్క. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిచే సమయానికి, బాప్తిస్మం లేనివాళ్ళకు అది ఇవ్వరు గనుక, లేచి బయటికి పోయి చెప్పుల పక్కన కూర్చుంటాడు. మా పెద్దమ్మ తన రొట్టె ముక్క చేతిలో పట్టుకుని వాకిలి వైపు చూడటం నేను చిన్నప్పటి నుంచీ ఎరుగుదును.

పోయిన క్రిస్మస్‌కు ఆయన బీడీ మానేశాడు. నా చదువు ముగిసినందుకు ఇంట్లో కృతజ్ఞతా ప్రార్థన కూడిక పెడితే, అందులో లేచి నిలబడి బాప్తిస్మం తీసుకుంటానన్నాడు. పెద్దమ్మ కళ్ళు తుడుచుకునే లోపే ఇంకో మాట అన్నాడు. "తొట్టిలో గాదు. బయట, పారే నీళ్ళల్లో అయితేనే."

మందిరం వెనక సిమెంటు తొట్టి ఉంది. అందరికీ అందులోనే ఇస్తారు. "ఈ ఎండల్లో పారే నీళ్ళు యాడ తెచ్చేదప్పా?" అన్నారు మా పాస్టరు అయ్యగారు. పెద్దనాయన వినలేదు. "యేసుప్రభువు తొట్టిలో తీసుకున్యాడా? యొర్దానుకు పాయె గదా."

"ముప్పై ఏండ్లు నన్ను ఏడిపిచ్చినాడు, ఇప్పుడేమో ఏరు గావల్లంట," అంది పెద్దమ్మ. వానలు పడేదాకా ఆగుదామంటే ఆమె ఒప్పుకోలేదు. ఆ లోపల మళ్ళీ బీడీ పట్టుకుంటాడని ఆమె భయం. అది ఉత్త భయం కాదు. ఇంతకుముందు ఒకసారి అలాగే జరిగింది.

చివరికి అయ్యగారే దారి చూపారు. మేము పోయే దారిలో శనివారంలోగా నీళ్ళు దొరికితే ఫోన్ చేయాలి, ఆయన పెద్దమ్మను వెంటబెట్టుకుని వస్తారు. మరుసటి రోజు ప్రభువు బల్ల ఉండే మొదటి ఆదివారం. "నువ్వు రాళ్ళు సదివినావు గదా పాపా. నీళ్ళు రాళ్ళ సందునే గదా పారేది. సూపించు పద," అన్నాడు పెద్దనాయన. నా యాత్రకు అలా రెండో పని వచ్చి చేరింది.

గురువారం పొద్దున ఆరున్నరకు ఓర్వకల్లులో నంద్యాల బస్సెక్కాం. దారిలోని రాక్ గార్డెన్ నాకు కొత్త కాదు కనుక దిగలేదు. రాళ్ళ మధ్య మడుగు అడుగంటిపోయి ఉంది. ఆడవాళ్ళకు ఆర్టీసీలో టికెట్ ఉచితం కదా, కండక్టర్ నా ఆధార్ చూసి సున్నా టికెట్ కొట్టి, పెద్దనాయన దగ్గర డబ్బులు తీసుకున్నాడు. "సదువుకున్నోళ్ళకు ఊరికే, ముసిలోనికి దుడ్లా?" అన్నాడు పెద్దనాయన. "చీర కట్టుకోని రాప్పా, నీకూ ఊరికే కొడతా," అన్నాడు కండక్టర్. ముందు సీటులోని ఆడవాళ్ళు బనగానపల్లె దాకా ఆ మాటే తలుచుకుని నవ్వారు. వాళ్ళూ మాలాగే నంద్యాలలో బస్సు మారి మళ్ళీ మా ముందే కూర్చున్నారు.

బనగానపల్లె దాటాక దారికి రెండు పక్కలా నాపరాయి గనులు. మా ఇళ్ళలో నేలకు పరిచేది ఈ రాయే. పలకలు పలకలుగా కోసి నిలబెట్టిన రాళ్ళ మీద ఎండ పడి కళ్ళు మిరుమిట్లు గొలిపింది. కొలిమిగుండ్ల నుంచి ఆటోలో బేలం చేరేసరికి పదకొండు దాటింది.

వెళ్ళేవాళ్ళకు ఒక మాట. గుహలో చల్లగా ఉంటుందని అనుకోకండి. మెట్లు దిగగానే ఉక్కపోత పట్టుకుంటుంది. మంచినీళ్ళు, తువ్వాలు తప్పకుండా ఉంచుకోండి. ఒకప్పుడు ఇక్కడ నీళ్ళు సున్నపురాయిని తొలుచుకుంటూ పోయాయి. గోడల మీద చెయ్యి పెడితే ఇప్పటికీ ఆ ప్రవాహం వంపులు తెలుస్తాయి. నా అరచేయి ఆ వంపులో సరిగ్గా కూర్చుంది. పరీక్షలో పది మార్కులకు రాసిన జవాబు ఇదేనా అనుకున్నాను.

అడుగున పాతాళగంగ ఉంది. సన్నటి పాయ రాతి మీదుగా పారి ఒక సందులోకి మాయమవుతుంది. పెద్దనాయన గొంతుక్కూర్చుని వేళ్ళు తడుపుకున్నాడు.

"పారతాండాది పాపా."

"అరచెయ్యి కూడా మునగదు పెద్దనాయనా."

"పారతాండాది గదా," అని అక్కడే కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. పైన ఇంత ఎండ పెట్టి, కింద చీకట్లో ఈ చిన్న పాయను ఎవరూ చూడకపోయినా నడిపిస్తున్న తండ్రిని తలుచుకుని నేనూ తలవంచాను.

సాయంత్రం బస్సులో జమ్మలమడుగు. అయ్యగారు ముందే మాట్లాడి పెట్టడంతో అక్కడి మందిరం పక్క గదుల్లో పడుకున్నాం. సంఘంలోని ఒక అక్క జొన్నరొట్టెలు, శెనక్కాయల పచ్చడి పంపింది. పెద్దనాయన మూడు రొట్టెలు తిని, నాలుగోది పొద్దునకని దాచుకున్నాడు.

శుక్రవారం తెల్లవారుతూనే ఆటోలో గండికోట. కోట లోపల ఊరు దాటి, బండల మీద జాగ్రత్తగా అడుగులేసుకుంటూ అంచుకు చేరాం. రెండు వైపులా ఎర్రటి రాతిగోడలు. ఎవరో ఇటుకలు పేర్చినంత చక్కగా పొరలు. ఎక్కడో లోతున పెన్న, కదలకుండా పచ్చగా ఉంది. పక్కన ఫొటోలు తీసుకుంటున్న కుర్రాళ్ళు కూడా ఫోన్లు దించి చూస్తున్నారు. ఈ పొరలకు ఎంత వయసో నేను చెప్పబోతే పెద్దనాయన చెయ్యి ఎత్తి ఆపాడు. చాలాసేపు చూసి, "ఇది సాలు పాపా. అయ్యగారికి ఫోన్ చెయ్," అన్నాడు.

"ఇవి పారే నీళ్ళు కావు కదా. కింద ఆనకట్ట ఉండాది. నిలబడినాయి."

"నిలబడితే ఏమి?"

"మరి మన తొట్టి ఏం పాపం చేసింది?"

పెద్దనాయన బండ మీద కూర్చుని మోకాలు రుద్దుకున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "ఆ తొట్టి నింపల్లంటే ట్యాంకరులో సగం పోతాది. మొన్న మన ఈదిలో రెండు బిందెల కాడ సొంత అక్కాచెల్లెండ్లు జుట్లు పట్టుకున్యారు. తాగే నీళ్ళల్లో నేను మునిగి, పైయాదివారం రొట్టె తింటే గొంతు దిగుతాదా? ఆ మాట కూడికలో చెప్తే సంఘమంతా తలా బిందె మోసుకొచ్చి పోస్తారు. పొయ్యాక వద్దనేదెట్ల? అందుకే యొర్దాను అంటి." తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ, "మీ పెద్దమ్మకు చెప్పబాకు," అన్నాడు.

నేను ఆదివారం బడిలో పిల్లలకు యొర్దానులో ఏడుసార్లు మునిగి కుష్ఠం పోగొట్టుకున్న నయమాను కథ, ఐతియొపీయుడు దారిలో నీళ్ళు చూసి బాప్తిస్మం కోసం రథం ఆపించిన కథ చాలాసార్లు చెప్పాను. నీళ్ళు ఉన్న చోట మనుషులు ఆగడం గురించి చెప్పాను గానీ, పక్కవాడి బిందె గురించి ఆలోచించి వెనక్కి తగ్గే మనిషిని మా ఇంట్లో పెట్టుకుని గమనించలేదు.

కిందికి దారి ఉందేమోనని కాపలా మనిషిని అడిగాం. "దిగేదానికి ల్యాదప్పా. లోతు శానా ఉండాది. మునిగినోళ్ళు ఉండారు," అన్నాడు. పెద్దనాయన బాప్తిస్మం అని చెప్పాడు. "మీ పాస్టరు నీళ్ళల్లో ముంచి తిరగా లేపుతాడు సరే, ఈడ లేపేటోడు ఎవుడు?" అన్నాడు కాపలా మనిషి. మేము వచ్చిన దారినే వెనక్కి తిరిగాం.

సిద్ధవటం దగ్గర పెన్న నాకు తెలుసు. డిసెంబరులో క్లాసుతో వెళ్ళినప్పుడు మోకాళ్ళు దాటి నీళ్ళున్నాయి. ఆ ధైర్యంతోనే అయ్యగారికి ఫోన్ చేశాను. ప్రొద్దుటూరు మీదుగా కడప చేరి, రాత్రికి నా స్నేహితురాలి ఇంట్లో ఉన్నాం. శనివారం తొమ్మిదింటికి అయ్యగారు, పెద్దమ్మ కడప బస్టాండులో దిగారు. పెద్దమ్మ చేతిలో తెల్ల పంచె, తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి కవర్లో ఉన్నాయి. నలుగురం బద్వేలు పోయే బస్సెక్కాం.

సిద్ధవటం కోట గోడ పక్కగా ఏట్లోకి దిగితే కంటికి ఆనినంత దూరం ఇసుకే. లంకమల కొండలు నీలంగా, నెమ్మదిగా అటు కూర్చుని ఉన్నాయి. చూడటానికి ఎంతో బాగుంది. నీళ్ళు మాత్రం లేవు. ఒకచోట తడి కనిపిస్తే పెద్దనాయన చెప్పులు విప్పి నిలబడ్డాడు. చీలమండ దాకా కూడా రాలేదు. "పండుకుంటే సరిపోతాదేమో అయ్యగారూ," అన్నాడు. "ఒక పక్క తడుస్తాది, ఒక పక్క కాలుతాది," అంది పెద్దమ్మ. అందరం నవ్వాం గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆమె కవరును గుండెకు ఆనించుకుని ఇసుకలోనే కూర్చుంది. అంత దూరం మనిషిని రప్పించి నేను ఆమెకు చూపించింది ఇది.

గట్టు మీద మోపెడ్ ఆపి ఒక రైతు మమ్మల్ని చూస్తున్నాడు. వెనక గడ్డిమోపు, నుదుట నామం. "ఏమప్పా, ఇసకలో ఏం ఎతుకుతాండారు?"

"నీళ్ళు," అన్నారు అయ్యగారు.

"మేమూ పదేండ్ల నుంచి అదే ఎతుకుతాండాం. దొరికితే చెప్పండి."

సంగతి చెబితే ఆయన గట్టు అవతలికి చెయ్యి చూపించాడు. "మాది బొప్పాయి తోట, ఆ కనపడేది. బోరు కాడ తొట్టి ఉండాది. కరెంటు పన్నెండుకు పోతాది. రాండి మరి."

తోటలో ఆయన మోటారు వేసి, కాలువకు పోయే గొట్టానికి గుడ్డ కుక్కి మూశాడు. నీళ్ళు తొట్టిలో మెల్లగా పైకి వస్తున్నాయి. పెద్దనాయన తెల్లబట్టలు కట్టుకుని వచ్చి కూడా దూరంగానే నిలబడ్డాడు.

"మీ తొట్టిలో మేము దిగితే మీ ఇంట్లో పెద్దోళ్ళు ఏమీ అనుకోరా?"

"ఏమనుకుంటారప్పా? నీళ్ళు నావి గాదు. కరెంటు ఉంటే వస్తాయి, ల్యాకుంటే రావు. దిగు."

పెద్దనాయన ఇంకా కదల్లేదు. మూసిన గొట్టం వైపు, ఎండలో వాలిన బొప్పాయి ఆకుల వైపు చూశాడు. "నా వల్ల నీ చెట్లకు నీళ్ళు తక్కువైతాయేమో."

పెద్దమ్మ తలతిప్పి నావైపు చూసింది. నేను చెప్పాల్సిన పని లేకుండానే ఆమెకు తొట్టి సంగతంతా అర్థమైపోయిందని ముఖం చూస్తే తెలిసింది.

రైతు నవ్వాడు. "నువ్వేమన్నా తాగుతావా? మునిగి లేస్తావు. ఆ నీళ్ళు యాడికి పోతాయి? చెట్లకే పోతాయి."

ఆ మాటతో పెద్దనాయన తొట్టి అంచు మీద చెయ్యి వేశాడు.

మా అయ్యగారి వాక్యోపదేశం గంటకు తగ్గదు. ఆ రోజు ఆయన వాచీ చూసుకుంటూ ఐదు నిమిషాల్లో ముగించారు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో పెద్దనాయనను వెనక్కి వంచి ముంచి లేపారు. పెద్దనాయన నోట్లో నీళ్ళు పోయి దగ్గాడు. పెద్దమ్మ పాట ఎత్తుకుంది గానీ ఆయన తల తుడవడానికి మధ్యలో ఆపేస్తే, నేనూ అయ్యగారూ అందుకున్నాం. రైతు గొట్టంలో గుడ్డ లాగేశాడు. నీళ్ళు ఒక్కసారిగా కాలువలోకి దూకి మొదటి సాలు చెట్ల మొదళ్ళలో తిరిగాయి.

వెళ్ళేముందు ఆయన పెద్దనాయన చేతిలో రెండు బొప్పాయి పండ్లు పెట్టాడు. "ప్రతి శ్రీరామనవమికి ఒంటిమిట్ట పోయి రాములోరికి మొక్కుకుంటాం. మీరు గూడా మీ దేవునికి మా బోరు సంగతి ఒక మాట చెప్పండి. ఈ సంవత్సరం నీళ్ళు సరిగ్గా రాక ఆగి ఆగి గుటకలు వేస్తాండాది."

కడప నుంచి రెండున్నర బస్సు. తడి పంచెను పెద్దనాయన కిటికీ ఊచకు కట్టాడు. మైదుకూరు వచ్చేసరికి ఆరిపోయింది. కండక్టర్ పెద్దమ్మకు, నాకు సున్నా టికెట్లు కొట్టాడు. పెద్దనాయన ఈసారి నవ్వుతూ తన డబ్బులు తీసిచ్చాడు. పెద్దమ్మ మాత్రం ఆళ్ళగడ్డ దాకా ఆయనతో మాట్లాడలేదు. తర్వాత, "నాతో చెప్తే నేను మోసుకొచ్చి పోస్తాననుకున్యావా?" అని అడిగింది. "పోస్తావు," అన్నాడాయన. "పోస్తా," అని ఒప్పుకుని బొప్పాయి కోసి ముందుగా ఆయనకే పెట్టింది.

మా సీమను ఎండిన నేల అని బయటివాళ్ళు ఒక్క మాటలో తేల్చేస్తారు. రెండేళ్ళు చదివిన నేను కూడా దాదాపు అలాగే రాశాను. ఇప్పుడు అడిగితే, ఈ నేలలో నీళ్ళు తక్కువ గనుక వాటిని ఎదుటివాడి ముఖం చూసి వాడుకునే మనుషులు ఉన్నారని చెబుతాను. గుహలూ, లోయలూ తప్పకుండా చూడండి. ఉదయం పూట వెళ్ళండి, గొడుగు ఉంచుకోండి. దారిలో ఎవరైనా ఏమప్పా అని పిలిస్తే ఆగండి.

ఇది చదువుతున్న మీరు ఒక్క నిమిషం పుస్తకం పక్కన పెట్టి నాతోపాటు తలవంచండి. తండ్రీ, సిద్ధవటం గట్టు మీద ఆ బొప్పాయి తోట రైతు బోరులో ఈ ఎండలు పోయేదాకా నీళ్ళు తగ్గనివ్వకు. ఆయన మమ్మల్ని అడిగింది ఆ ఒక్కటే. ఆమేన్.