తలగుడ్డ చుట్టుకున్న కంప్యూటరు

విండోస్ సెవెన్‌కు దాన్ని తయారుచేసినవాళ్లే నీళ్లు వదిలేసి రెండేళ్లు దాటిన వేసవిలో నన్ను బేతంచెర్లకు పంపారు. అప్పట్లో నేను కర్నూలు బ్రాంచిలో సీనియర్ ఫీల్డ్ ఇంజనీరును. హోదా వింటే చేతికింద పదిమంది ఉంటారనిపిస్తుంది. ఉన్నవి ఒక స్క్రూడ్రైవర్ల సంచి, ఒక బ్లోయరు, ఒక పెయింటు బ్రష్షు. స్వచ్ఛందంగా పదవీ విరమణ చేసేదాకా ఈ మూడే నా సిబ్బంది. ఏనాడూ ఎదురు చెప్పలేదు.

అప్పగించిన పని చిన్నది. ఊరి బయట నాపరాళ్ల లారీలను తూచే కాటా ఒకటుంది. ఖాళీ లారీ ఎక్కితే ఒక తూకం, రాయి నింపుకుని ఎక్కితే ఇంకో తూకం. రెండింటి తేడా కంప్యూటరు తేల్చి చీటీ అచ్చువేస్తుంది. ఆ చీటీ లేనిదే లోడు బండి రోడ్డెక్కదు. ఆ కంప్యూటరును పరీక్షించి ‘కండెమ్’ రిపోర్టు రాసి రమ్మని మా మేనేజరు ఆదేశం. కండెమ్ అంటే, ఇక దీని మీద మరమ్మతు దండగ అని ఇంజనీరు సంతకం పెట్టడం. మనుషులకిచ్చే మరణ ధ్రువపత్రం లాంటిదే, కాకపోతే మేం ప్రాణముండగానే ఇస్తాం.

బేతంచెర్ల దుమ్ము గురించి ఒక మాట చెప్పాలి. అక్కడ తెల్ల చొక్కాతో బస్సు దిగినవాడికి చొక్కా మాయదు, మనిషే తెల్లబడతాడు. ఆ ఊళ్లో కాకుల్ని చూసి కొంగలనుకున్నవాణ్ణి నేను.

కాటా గదిలో కంప్యూటరు ముందు కూర్చునేది సువార్తమ్మ. అంతకుముందు పాలిషింగ్ మిషన్ దగ్గర రాతిపొడిలో పనిచేసి దగ్గు తెచ్చుకుంది. దుమ్ములోకి పోతే ఊపిరితిత్తులు మిగలవని డాక్టరు తేల్చి చెప్పాక, అద్దాల తలుపున్న ఈ గదికి మారింది. కాటా యజమాని మద్దిలేటి రెడ్డి నన్ను చూడగానే కుర్చీ జరిపాడు.

“ఏమప్పా ఇంజనీరూ, రాసెయ్ ఆ రిపోర్టేదో. మా మేనల్లుడు కర్నూల్లో కంప్యూటర్ల అంగడి పెట్టినాడు. వాడు తెచ్చేదాంట్లో బండి ఎక్కితే సాలంట, ఫోటో తీసుకుని చీటీ అదే కక్కుతాదంట. మనిషే అక్కర్లేదంట.”

“మనిషి అక్కర్లేదంటే నన్ను యాడికి పొమ్మంటావన్నా?” అంది సువార్తమ్మ, కళ్లు తెర మీద నుంచి తిప్పకుండానే. “మళ్లా ఆ మిషన్ కాడికేనా?”

రెడ్డి చెడ్డవాడు కాడు. మెడ గోక్కుని, “సూద్దాంలేమ్మే” అని నా వైపు చూశాడు. అంటే ఆమె కుర్చీ నా సంతకం మీద నిలబడిందన్నమాట.

ఇంతలో ఖాజా అనే లారీ డ్రైవరు తలుపు సందులోంచి తన వాంగ్మూలం ఇచ్చాడు. “సార్, సువార్తక్క దీన్ని ఆన్ చేస్తే నేను పోయి గడ్డం గీయించుకుని వస్తా. వచ్చేలోపల గడ్డం మళ్లా మొలుస్తాది గానీ ఇది మాత్రం లేయదు.”

బల్ల కింద గర్జన వినిపించింది. ఓర్వకల్లులో దిగాల్సిన విమానం దారితప్పి ఇక్కడ దిగుతోందేమో అనుకుని వంగి చూశాను. ఎర్రంచు తువ్వాలుతో బిగించి తలగుడ్డ చుట్టుకుని ఎవరో పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. నమస్కారం పెట్టబోయి, అది కంప్యూటరు క్యాబినెట్ అని గ్రహించాను.

“ఇది ఎవరు కట్టారు?”

“నేనే” అన్నాడు రెడ్డి గర్వంగా. “ఈ ఊళ్లో మూతికి గుడ్డ లేకుండా ఎవుడన్నా తిరుగుతాడా? మనకుండే ఊపిరి దానికి లేదా? రెండేండ్ల నుంచి కడతాండా. వారం వారం ఉతికి మరీ!”

మనిషి గుడ్డలోంచి ఊపిరి తీస్తాడు. కంప్యూటరు తీయలేదు. లోపలి వేడిని ఫ్యాను వెనక సందులోంచి బయటికి తోయాలి. సందు మూస్తే ప్రాసెసరు వేడెక్కుతుంది, కాలిపోకుండా తనంతట తానే నడక తగ్గించుకుంటుంది. అదీ దాని మంచితనం. మనమేమో ముసలిదైపోయిందంటాం.

మధ్యాహ్నం ఎండకు క్వారీల్లో పని ఆగుతుంది. సాయంత్రం లోడు బండ్లు దిగేదాకా నాకు వ్యవధి ఉంది. రిపోర్టు కాగితం సంచిలోకి తోసి, సిబ్బందిని బయటికి పిలిచాను.

మొదట కాపీ. ఏ పాత యంత్రాన్నైనా ముట్టుకునే ముందు అందులోని సరుకు బయట భద్రం చేయాలి. కాటా ప్రోగ్రాం రాసిన కడపాయన ఇప్పుడు బిర్యానీ హోటలు నడుపుతున్నాడు కాబట్టి రెండో ప్రతి ఎక్కడా లేదు. తర్వాత పెట్టెను ఆరుబయటికి మోసి, మూత తీసి, బ్లోయరు పట్టాను. ఫ్యాను తిరక్కుండా వేలు అడ్డం పెట్టాలి, లేకపోతే గాలికి పిచ్చెక్కినట్టు తిరిగి పాడవుతుంది. లేచిన దుమ్ముకు పక్క ఊరివాళ్లు మబ్బు పట్టిందని ఆరబెట్టిన మిరపకాయలు ఎత్తుకుని ఉంటారు. మిగిలిన పొడితో రెండు గదులకు గచ్చు వేయొచ్చు. మెమరీ పలకను ఊడదీసి, దాని ఇత్తడి రంగు అంచును పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్లీ బిగించాను.

ఇక లోపలి సంగతి. కంప్యూటరు లేవగానే దానితోపాటు లేచే ప్రోగ్రాముల పట్టిక ఒకటి ఉంటుంది. అందులో జాతకాలు వేసేది, పెళ్లిపత్రికలు గీసేది, ఎప్పుడో అమ్మేసిన ప్రింటరుది, ఒకదాన్నొకటి దొంగనుకునే మూడు యాంటీవైరస్‌లు బారులు తీరి ఉన్నాయి. కాటాకు కావలసినవాటినీ, ఒక్క యాంటీవైరస్‌నూ ఉంచి మిగతావాటిని పడుకోబెట్టాను. తెర మీద కిటికీలు మెరుస్తూ తెరుచుకునే హంగులన్నీ ఆపేశాను. లారీ తూకానికి మెరుపులెందుకు?

సీ డ్రైవులో చీమ దూరే చోటు లేదు. సిస్టం కాళ్లు చాపుకోవాలంటే అందులో కనీసం ఐదో వంతు ఖాళీ ఉండాలి. తవ్విచూస్తే, మేనల్లుడి పెళ్లి వీడియో. ఒకే పెళ్లి, నాలుగు కాపీలు. ముహూర్తం నుంచి చేతులు కడిగిన నీళ్ల దాకా అన్నీ ఉన్నాయి.

“తుడిపెయ్యొద్దప్పా” అని రెడ్డి కంగారుపడ్డాడు. “ఆ పెండ్లిలో నేను శానా బాగుంటా.”

“ఈ పెండ్లిని రెండేండ్ల నుంచి నా నెత్తిన మోస్తాండానా?” అంది సువార్తమ్మ.

ఒక కాపీని డీ డ్రైవుకు మార్చి మూడు తీసేశాను. తాత్కాలిక ఫైళ్ల చెత్త ఊడ్చాను. డిస్కు మీద ముక్కలుగా చెదిరిన ఫైళ్లను ఒకచోటికి చేర్చే పనికి కంప్యూటరును పెట్టి, సువార్తమ్మ ఇచ్చిన జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తిన్నాను. చివరగా ఇంటర్నెట్ వైరు పీకేశాను. రక్షణ అప్‌డేట్లు ఆగిపోయిన సిస్టం ఊరిమీద తిరగకూడదు, ఇంటిపట్టున ఉండి పనిచేసుకోవాలి. బయటి పెన్‌డ్రైవులు పెట్టకూడదని కూడా చెప్పాను.

తీరికగా చూస్తే ఆ సిస్టం మీద నాకు భక్తి కలిగింది. ముక్కు మూసి, నెత్తిన నాలుగు పెళ్లిళ్లు పెట్టి, లోపల మూడు కాపలా కుక్కల్ని వదిలినా అది ఒక్క తూకం తప్పలేదు. నా సర్వీసులో అంత ఓర్పున్న అధికారిని చూడలేదు.

సాయంత్రం మొదటి లోడు ఖాజాదే. సువార్తమ్మ తూకం మీట నొక్కగానే అతను అలవాటుగా మంగలి షాపు దారి పట్టాడు. నాలుగడుగులు వేశాడో లేదో ఆమె పిలిచింది.

“ఖాజా! చీటీ వచ్చేసినాది, రా.”

“సబ్బన్నా పూయించుకోనీ అక్కా!”

వెనక బండ్లు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కి దిగిపోయాయి. రెడ్డి అది చూసి ఫోను తీశాడు. “ఒరే అల్లుడూ, కొత్తది ఇప్పుడొద్దులేరా. ఈ ముసిల్దే ఉరుకుతాండాది. నీ పెండ్లి యాడ పెట్టుకుంటావో వచ్చి తీసుకుపో.” తర్వాత సువార్తమ్మ వైపు తిరిగి, తువ్వాలు లేకపోతే దుమ్ము సంగతేమిటని అడిగాడు.

“బల్ల మీదికెక్కిస్తా. తలుపు మూసే ఉంచుతా. నెలకొకతూరి మూత తీసి ఊదుతా” అంది ఆమె, నేను చెప్పినవన్నీ వరసగా. “నువ్వు మాత్రం దాని దగ్గరికి రావొద్దన్నా.”

రెడ్డి తువ్వాలు దులిపి తన భుజాన వేసుకున్నాడు.

కండెమ్ రిపోర్టుకు బదులు మరమ్మతు రిపోర్టు ఇచ్చాను. లోపానికి కారణం అన్న చోట ‘యజమాని ప్రేమ’ అని రాస్తే, మేనేజరు కొట్టేసి ‘దుమ్ము’ అని దిద్దాడు. రెండూ నిజమే. నేను ఆ రోజు నేర్చుకున్నది మాత్రం ఇది: పాత సిస్టాన్ని పనికిరాదని రాసేముందు దాని మూత తీయాలి, మనం మోపిన బరువు దించాలి, గాలి ఆడనివ్వాలి. ఇంత చేశాక కూడా కదలకపోతే, అప్పుడు సంతకం పెట్టాలి.